మా బావ గుద్దిన రాయి, నేను గుద్దిన పీపా

ముందుగా ఒక ఒప్పుకోలు. నేను రోడ్ల ఇంజనీరుని కాను. చదివింది కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్. చేసేది కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీకి కన్సల్టింగు. (హార్ట్‌ఫర్డ్‌లో తెలుగువాడు ఇన్సూరెన్సు కంపెనీలో కాక ఇంకెక్కడ పనిచేస్తాడు అంటారా, అదీ నిజమే.) అలాంటివాడికి రోడ్డు మీద అడ్డంగా పెట్టే ప్లాస్టిక్ పీపాలతో పనేమిటని మీకు అనుమానం రావచ్చు. పనుంది. అలాంటి పీపా ఉండబట్టి నేనివాళ ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. అది లేకపోబట్టి మా బావ కుంటుతున్నాడు. కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ముందు మా బావ సంగతి. బావంటే మా మేనత్త కొడుకు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. కృష్ణా జిల్లాలో మా ఊళ్ళోనే ఉంటాడు. వరికోత మిషను ఒకటి అప్పు చేసి కొనుక్కుని తనే నడుపుకునేవాడు. 2022 నవంబరులో గుడివాడ నుంచి మా ఊరొచ్చే రోడ్డు మీద ఒక తూము బాగుచేయడం మొదలెట్టారు. రోడ్డు సగం తవ్వేసి, ఆ గొయ్యికి ముందు మూడు పెద్ద రాళ్ళు దొర్లించి, వాటి మీద ఒక తాటిదుంగ పడేసి, దుంగకి ఒక ఎర్రగుడ్డ కట్టారు. పగలు చూస్తే చంటిపిల్లాడికి కూడా అర్థమయ్యే ఏర్పాటు. రాత్రి ఎనిమిదింటికి, వీధి దీపం లేనిచోట, ఎదురుగా లారీ పెద్దలైటు వేసుకుని వస్తుంటే, ఎర్రగుడ్డా తాటిదుంగా నల్లరాయీ అన్నీ ఒకటే రంగు. మా బావ బండి మహా అయితే నలభైలో ఉంది. రాయి రాయిలాగే ఉంది. బావ తొడ ఎముక రెండు చోట్ల విరిగింది.

రెండు ఆపరేషన్లు, ఒక రాడ్డు, ఎనిమిది నెలలు మంచం. ఎడమకాలు అంగుళం పొట్టిదయింది. మిషను ఎక్కి దిగలేక దాన్ని అమ్మేశాడు. అప్పు మాత్రం అమ్ముడుపోలేదు. ఇప్పుడు ఎరువుల కొట్లో కూర్చుని పద్దులు రాస్తున్నాడు.

ఊరి తీర్పు మీరూ ఊహించే ఉంటారు. "రోజూ తిరిగే రోడ్డే కదా, చూసుకోవద్దూ?" అన్నవాళ్ళు కొందరు. "టైము బాగాలేదు" అన్నవాళ్ళు ఇంకొందరు. "హెల్మెట్ పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుంటే ఇంతే" అని మా బాబాయి. హెల్మెట్ ట్యాంకు మీద ఉన్నమాట నిజమే, అది తప్పే. కానీ విరిగింది తొడ కదా, హెల్మెట్ దానికెలా అడ్డం పడుతుందో మా బాబాయిని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కాగితాల్లో మాత్రం "అజాగ్రత్తగా వాహనం నడపడం వల్ల" అని రాశారు. రాయి పెట్టినవాడి అజాగ్రత్త గురించి ఒక్క ముక్క లేదు.

ఇక నా సంగతి. ఆ తర్వాత నాలుగు నెలలకే, 2023 మార్చిలో, పొద్దున్న ఆరున్నరకి ఎనభైనాలుగో నంబరు ఇంటర్‌స్టేట్ హైవే మీద ఆఫీసుకి బయల్దేరాను. ఆ ముందురాత్రి చేసిన రిలీజు ఒకటి బెడిసికొట్టింది. హైదరాబాదులో ఉన్న మా టీముతో కారు స్పీకరు మీద మాట్లాడుతూ, ఏ టేబులు ఎవరు చెడగొట్టారో తేల్చే పనిలో ఉన్నాను. కళ్ళు రోడ్డు మీదున్నాయి, బుర్ర డేటాబేసులో ఉంది. కుడివైపు లేను మూసేసి పనులు చేస్తున్నారు, ఏటవాలుగా నారింజరంగు పీపాలు వరసగా పెట్టారు. నేను నేరుగా వాటిలోకి వెళ్ళాను. గంటకి యాభై అయిదు మైళ్ళు, అంటే మన లెక్కలో దాదాపు తొంభై కిలోమీటర్లు.

ఢబ్. ఢబ్.

మొదటిది ఎగిరి పక్కన పడింది. రెండోది కారు కింద ఇరుక్కుని కాస్త దూరం ఈడ్చుకొచ్చింది. ఆపి దిగేసరికి నా కాళ్ళు వణుకుతున్నాయి. అవతల నుంచి పనివాడొకాయన నింపాదిగా నడిచొచ్చి, బాగానే ఉన్నావా అనడిగి, కారు కింద నుంచి పీపా లాగి, సొట్టపడ్డచోట లోపలినుంచి ఒక్క తన్ను తన్ని, దాన్ని మళ్ళీ దాని నల్లచట్రం మీద నిలబెట్టి వెళ్ళిపోయాడు. నాకంటే ముందు ఆ పీపాయే తేరుకుంది. నా కారుకి బంపరు మీద గీతలు, ఒక ఫాగ్ లైటు పగలడం, అంతే. ఇంటికెళ్ళాక మా ఆవిడ పెట్టిన చీవాట్లు దీని కిందకి రావు, అవి వేరే ఖాతా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి. మా ఇద్దరిలో తప్పు ఎవరిది ఎక్కువ? బావ మెల్లగా, ఊళ్ళోకి, చీకట్లో, కళ్ళల్లో లైటు పడి గుద్దాడు. నేను రెట్టింపు వేగంతో, మెరుస్తున్న పీపాల వరసలోకి, ధ్యాస ఎక్కడో పెట్టుకుని దూరాను. నా తప్పు పెద్దది, నాకు పడిన శిక్ష ఒక ఫాగ్ లైటు. బావ తప్పు చిన్నది, ఆయనకి పడిన శిక్ష ఒక కాలు, ఒక బతుకుతెరువు. దీన్ని తలరాత అని ఎలా అనమంటారు? నా ముందున్నది ప్లాస్టిక్, ఆయన ముందున్నది రాయి. తేడా అంతే.

మా ఉద్యోగంలో ఒక నియమం ఉంది. యూజరు తప్పు మీట నొక్కితే సర్వరు మొత్తం కూలిపోయిందనుకోండి, "యూజరు చూసుకోవద్దూ" అని మేం అంటే మేనేజరు ఊరుకోడు. మనిషన్నాక తప్పు నొక్కుతాడు, ఆ తప్పుని అరాయించుకునేలా రాయడమే మీ పని అంటాడు. రోడ్డు విషయంలో ఇదే మాటని స్వీడన్ పార్లమెంటు 1997లో 'విజన్ జీరో' అన్న పేరుతో చట్టసభ తీర్మానంగానే చేసింది. మనిషి తప్పు చేస్తాడు, ఆ తప్పుకి ప్రాణం మూల్యం కాకుండా రోడ్డు కట్టాలి అని. మనవాళ్ళలో ఐఐటీ ఢిల్లీ ప్రొఫెసరు దినేష్ మోహన్ గారు 2021లో పోయేదాకా ఇదే ధోరణిలో చెబుతూ వచ్చారు. మనం మాత్రం ఇంకా "చూసుకోవద్దూ" దగ్గరే ఉన్నాం. 2022 ఒక్క ఏడాదిలో మన దేశంలో రోడ్ల మీద పోయినవాళ్ళు, ప్రభుత్వ లెక్కల ప్రకారమే, 1,68,491 మంది. ఇంతమందీ చూసుకోనివాళ్ళేనా?

అమెరికావాళ్ళు పుట్టుకతోనే తెలివైనవాళ్ళని చెప్పడం నా ఉద్దేశం కాదు. వీళ్ళూ ఒకప్పుడు మనలాగే ఉండేవాళ్ళు. రోడ్డు తవ్వినచోట నల్లటి ఇనప గుండులాంటి కిరసనాయిలు దీపాలు వెలిగించి పెట్టేవాళ్ళు. తర్వాత ఖాళీ ఇనప డ్రమ్ములకి రంగేసి నిలబెట్టారు. కనిపించకపోతే గుద్దుతారు, గుద్దితే ఇనుము ఊరుకోదు. ఇప్పుడు వీళ్ళ ట్రాఫిక్ నియమాల పుస్తకంలో ఇనప డ్రమ్ములు వాడకూడదని స్పష్టంగా రాసి ఉంది. పీపా తేలికగా, వంగే పదార్థంతో ఉండాలి. ఎత్తు కనీసం 36 అంగుళాలు, వెడల్పు 18 అంగుళాలు. చుట్టూ నారింజ, తెలుపు పట్టీలు, లైటు పడితే వెనక్కి మెరిసేవి. గాలికి పడిపోకుండా బరువు అడుగునే ఉండాలి, పైన పెట్టకూడదు. పైన రాయి పెడితే గుద్దినప్పుడు అది అద్దంలోంచి ఒళ్ళోకి వస్తుంది కదా. నేను చూసిన నల్లచట్రం ఏమిటో తెలుసా? పాత లారీ టైరు పక్కభాగాన్ని ఉంగరంలా కోసింది. కారు గుద్దితే పీపా పైకి లేచిపోతుంది, ఉంగరం నేల మీదే ఉండిపోతుంది. ఇందులో రాకెట్టు సైన్సేం లేదు.

పీపాల్లో ఇంకో రకం ఉంది, దాని కథ మా రాష్ట్రానిదే. హైవే మీద ఎగ్జిట్ విడిపోయే చోట, కాంక్రీటు గోడ మొన ముందు, పసుపుపచ్చ పీపాలు గుంపుగా ఉంటాయి, మీరు చూసే ఉంటారు. వాటిని కనిపెట్టినాయన జాన్ ఫిచ్, కారు పందేలవాడు. 1955లో ఫ్రాన్సులో లె మాన్ పందెంలో ఆయనా, పియర్ లెవే అనే ఫ్రెంచాయనా ఒకే మెర్సిడెస్ కారుని వంతులవారీగా నడపాలి. లెవే వంతులో కారు గాల్లోకి లేచి గట్టుని గుద్దింది. ముక్కలు జనంలోకి దూసుకెళ్ళి ఎనభైమందికి పైగా పోయారు, లెవే కూడా పోయాడు. ఫిచ్ తన వంతు కోసం ఎదురుచూస్తూ అక్కడే ఉన్నాడు. యుద్ధకాలంలో ఈయన విమానం నడిపేవాడు. పైనుంచి వచ్చే తూటాల నుంచి గుడారాన్ని కాపాడుకోవడానికి డబ్బాల్లో ఇసుక నింపి చుట్టూ పేర్చేవారట. ఆ ఇసుక డబ్బాలే తర్వాత హైవే మీదకొచ్చాయి. సులువుగా పగిలే ప్లాస్టిక్ పీపాలో ఇసుక పోసి, తనే కారెక్కి వాటిని గుద్ది పరీక్షించాడు. కనెక్టికట్‌లోని లైమ్ రాక్‌లో ఉంటూ 2012లో తొంభై అయిదేళ్ళ వయసులో పోయాడు.

ఆయన పీపాలో ఉన్న లెక్క మనం పదో తరగతిలో చదువుకున్నదే. అన్ని పీపాల్లోనూ ఒకే బరువుండదు. ముందు వరసలో 90 కిలోల ఇసుక, తర్వాత 180, తర్వాత 320, వెనక 640, ఆ వెనక 950 కిలోల దాకా. 1500 కిలోల కారు వందలో వస్తుందనుకోండి. మొదటి 90 కిలోల పీపాని గుద్ది ఆ ఇసుకని కూడా తోసుకుపోవాలి కాబట్టి వేగం 94కి తగ్గుతుంది. ఇంకో 90 కిలోలది, 89. 180ది, 79. 320ది, 65. 640వి రెండు, 46, తర్వాత 32. ఒక్క దెబ్బకి ఆపలేదు చూశారా, మెట్లు దిగినట్టు దింపింది. తేలిక పీపాల్లో ఇసుక అడుగున ఉండిపోతే కారు దానిమీదకెక్కే ప్రమాదం ఉందని, ఇసుకని కారు బరువు కేంద్రం ఎత్తున నిలబెట్టడానికి లోపల ఒక గిన్నెలాంటిది కూడా పెడతారు. చలికాలంలో ఇసుక గడ్డకట్టి రాయి కాకుండా ఉప్పు కలుపుతారు. పీపా మళ్ళీ రాయి కాకూడదన్నదే వీళ్ళ భయమంతా.

సరే, ఇక మన దగ్గరికి వద్దాం. "అయితే అమెరికా పీపాలు కొని తెచ్చి మన రోడ్ల మీద పెట్టేద్దాం" అంటే నేనొప్పుకోను. మూడు కారణాలు.

మొదటిది, అడ్డాలు రెండు రకాలు. చెప్పే అడ్డు, ఆపే అడ్డు. నారింజ పీపా చెప్పే అడ్డు. "ఇటు రావద్దు నాయనా" అంటుంది, వచ్చినవాణ్ణి ఆపలేదు. అవతల లోతు గొయ్యి ఉంటేనో, మనుషులు పనిచేస్తుంటేనో ఆపే అడ్డు కావాలి, అంటే కాంక్రీటు దిమ్మెలు, లేదా ఒకదానికొకటి ఇనుముతో బిగించి, నీళ్ళు నింపి, గుద్దించి పరీక్ష చేసిన ప్లాస్టిక్ దిమ్మెలు. ఇప్పుడు మన ఊళ్ళల్లో ఫ్లైఓవరు పనుల దగ్గర ఎర్రవీ తెల్లవీ ప్లాస్టిక్ దిమ్మెలు చాలానే కనిపిస్తున్నాయి. ఒక్కసారి చేత్తో తోసి చూడండి. చాలావాటిలో నీళ్ళుండవు. లారీ పక్కనుంచి పోతే ఆ గాలికే జరుగుతాయి, పొద్దుటికి ఒకటి రోడ్డు మధ్యలో పడి ఉంటుంది. ఖాళీ దిమ్మెని గోడ అనుకోవడం ఇంటి తలుపుకి కర్టెను వేసి తాళం వేశామనుకోవడం లాంటిది. నీళ్ళు పోయండి అంటారా, మే నెలలో బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడ్డవాళ్ళ ముందు అయిదొందల లీటర్లు తీసుకెళ్ళి దిమ్మెలో పోసి చూడండి, ఏమవుతుందో. పోసినా దోమలు. ఇసుక మాటెత్తకండి, మన దగ్గర ఇసుకకి పీపాకంటే గిరాకీ.

రెండోది, దొంగతనం. మంచినీళ్ళ కుండ దగ్గర గ్లాసుకి గొలుసు కట్టుకునే జనం మనం. నాలుగు మంచి ప్లాస్టిక్ డ్రమ్ములు రోడ్డుమీద వదిలితే తెల్లారేసరికి నాలుగిళ్ళలో నీళ్ళు నిండి ఉంటాయి. వాళ్ళనీ తప్పుపట్టలేం.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. అమెరికాలో రోడ్డు అడ్డాలని పరీక్షించే పద్ధతికి ఇప్పుడు 'మ్యాష్' అని పేరు, 2009లో వచ్చింది. చిన్నకారు 1100 కిలోలు, పికప్ ట్రక్కు 2270 కిలోలు, వీటిని గంటకి వంద కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూస్తారు. పెద్ద లారీలక్కూడా పరీక్షలున్నాయి. మోటారు సైకిలుకి లేదు. ఇక్కడ రోడ్ల మీద ఎక్కువ ఉండేది కార్లూ ట్రక్కులే కాబట్టి వాళ్ళ లెక్క వాళ్ళది. మన దగ్గర 2022లో పోయినవాళ్ళలో నూటికి 44 మందికి పైగా రెండు చక్రాల బండివాళ్ళు. కారుని మెల్లగా ఆపే 640 కిలోల ఇసుక పీపా మోటారు సైకిలువాడికి రాయితో సమానమే. వందలో వచ్చే కారు కాదు, నలభైలో వచ్చే మా బావ కొలత కావాలి మనకి. ఈ కొలత ఇంకో దేశంవాడు మనకోసం తయారు చెయ్యడు.

అయితే ఎలాంటిది కావాలి? నన్నడిగితే కావలసినవన్నీ మా ఊరి సెంటర్లోనే ఉన్నాయి. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, పాతది. పంక్చరు షాపు వెనక గుట్టగా పడి ఉండే చచ్చిన టైర్లు. లారీల వెనక అంటించే రేడియం స్టిక్కరు. డ్రమ్ముని తలకిందులుగా బోర్లించాలి, పైన చెత్తా రాళ్ళూ వెయ్యడానికి వీల్లేకుండా. పక్కల అరచేతి వెడల్పు కన్నాలు నాలుగైదు కోయాలి, గాలి పోవడానికి. కన్నాలకి ఇంకో లాభం, అందులో నీళ్ళు నిలవవు కాబట్టి ఎవడూ ఎత్తుకుపోడు. అడుగున టైరు, కట్టకుండా ఊరికే తొడగాలి. చుట్టూ తెలుపు, ఎరుపు రేడియం పట్టీలు, కిందా పైనా, సైకిలువాడికీ లారీవాడికీ కనిపించేలా. ఒక్కటి కాదు, గొయ్యికి చాలా ముందునుంచి ఏటవాలుగా వరస పెట్టాలి. ఒకడు ఒక్కచేత్తో మొయ్యగలిగితేనే పని అయ్యాక తీసేస్తాడు. రాయి పెట్టినవాడు మళ్ళీ వచ్చి రాయి తీసిన చరిత్ర మన దేశంలో లేదు.

ఇది చెప్పే అడ్డు మాత్రమే. దీన్ని పెట్టి లోతు గొయ్యికి కాపలా అనుకోకూడదు, దానికి ఆపే అడ్డే కావాలి. కానీ మన రోడ్ల మీద రాయి చేస్తున్న పని చెప్పడమే కదా. చెప్పడానికి రాయి ఎందుకు? పోలీసు చెక్‌పోస్టు దగ్గర ఇనప బారికేడు ఎందుకు? దానిమీద నగల కొట్టు ప్రకటన వేసుకోవడానికి చోటుంటుంది, రేడియం పట్టీకి మాత్రం ఉండదు.

నియమాలు లేవా అంటే, ఉన్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళు పనులు జరిగేచోట ట్రాఫిక్ ఎలా నడపాలో ఒక పుస్తకమే వేశారు, 2014లో దాన్ని సవరించారు కూడా. ముందుగా హెచ్చరించే భాగం, మళ్ళించే భాగం, పని జరిగే భాగం, మళ్ళీ దారిలో కలిపే భాగం అని అన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. తాటిదుంగ బొమ్మ అందులో లేదు. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు 198ఎ అని ఒక సెక్షను చేర్చారు. రోడ్డు కట్టినవాళ్ళు గాని, చూసుకోవాల్సినవాళ్ళు గాని ప్రమాణాలు పాటించనందువల్ల మనిషి పోయినా, అంగవైకల్యం వచ్చినా, లక్ష రూపాయల దాకా జరిమానా. మొట్టమొదటిసారి చట్టం వేలు బండివాడి వైపు నుంచి తిరిగి రోడ్డు వైపు చూపించింది. లక్ష చాలా తక్కువే, మా బావ ఆసుపత్రి బిల్లులో నాలుగోవంతు కూడా కాదు. అయినా ఆ సెక్షను ఉందన్న సంగతి మా బావకి గాని, కాగితం రాసినాయనకి గాని తెలీదు. మీ ఊళ్ళో ఇలాంటిది జరిగితే, దేవుడి దయవల్ల జరక్కూడదు గాని, "అజాగ్రత్తగా నడపడం" అని రాయకముందే ఈ నంబరు గుర్తు చెయ్యండి. గుద్దినచోటి ఫోటో ఒకటి రాత్రిపూట తీసి ఉంచండి. పగలు తీసిన ఫోటోలో ఎర్రగుడ్డ చక్కగా కనపడుతుంది.

నిరుడు సంక్రాంతికి ఊరెళ్ళాను. తూము పని ఎప్పుడో అయిపోయింది. మూడు రాళ్ళూ మాత్రం రోడ్డు అంచునే ఉన్నాయి. పక్కింటివాళ్ళ ట్రాక్టరుతో నెట్టించి కాలవగట్టు కిందకి దొర్లించాం. బావ గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడి చూశాడు, ఏం మాట్లాడలేదు. అప్పుడే చెరువు మలుపు దగ్గర మంచినీళ్ళ పైపు కోసం మోకాలు లోతు కాలవ తవ్వుతున్నారు. పంచాయతీ సెక్రటరీ గారితో చెప్పి, పంక్చరు షాపు ముందు కూర్చుని ఒక పూటంతా కష్టపడి మూడు డ్రమ్ములు తయారుచేసి, వాళ్ళ రాళ్ళ స్థానంలో పెట్టించాం. కన్నాలు కోసింది బావే. రాత్రి బండి మీద వెళ్ళి చూసొచ్చాం. చాలా దూరం నుంచే మెరిసాయి.

నేనిక్కడికి తిరిగొచ్చిన మూడు వారాలకి బావ ఫోను చేశాడు.

"ఏరా, నీ డ్రమ్ముల్లో ఒకటి కనపట్టం లేదు. కన్నాలున్నా పట్టుకుపోయారు. కోళ్ళని కమ్మడానికి పనికొస్తుందంట."

"పోనీలే బావా, ఇంకో రెండున్నాయిగా."

"ఒకటుంది. రెండోది రాత్రి మన కరణం గారి మనవడు బండితో గుద్దేశాడు. పప్పయిపోయింది."

నా గుండె గుభేలుమంది. "మరి అబ్బాయికి?"

"వాడికేమయింది? మోచెయ్యి దోక్కుపోయింది. పొద్దున్నే లేచి కాలేజీకి పోయాడు" అన్నాడు బావ. కాసేపాగి, "ఇంకో నాలుగు డ్రమ్ములు చూసి ఉంచాను, ఆ స్టిక్కరు ఏ షాపులో కొన్నావో చెప్పు" అన్నాడు.